బైక్ పోలో గోల్ చేయించేటప్పుడు: పైపు కంటే ముందు వల సంగతి చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. పదిమంది కలిసి హైదరాబాద్‌లో ఒక ఫుట్‌సాల్ (చిన్న కోర్టు ఫుట్‌బాల్) కోర్టు మీద హార్డ్‌కోర్ట్ బైక్ పోలో మొదలుపెట్టారు. అంటే గట్టి నేల మీద సైకిలెక్కి, సుత్తి లాంటి పొడవాటి కర్రతో (మేలెట్) బంతిని గోల్‌లోకి కొట్టే ఆట. ఇన్నాళ్లూ ట్రాఫిక్ కోన్లే గోల్. "బంతి కోన్ లోపల నుంచి పోయిందా, మీద నుంచా" అని ప్రతి ఆటలోనూ వాదన. ఇప్పుడు రెండు గోల్స్ కావాలి. ప్లాస్టిక్ పైపు మంచిదా, ఇనుమా? రెడీమేడ్ హాకీ గోల్ కొంటే సరిపోతుందా? ఎంత కొలత? ఆటో ట్రాలీలో వేసుకుని వెళ్లడం ఎలా?

ముందు నా మాట చెప్పేస్తాను. గుండ్రటి ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఇనుప) పైపుతో, విప్పి మళ్లీ బిగించుకునేలా చేయించండి. అయితే పైపు గురించి ఎంత ఆలోచిస్తారో వల గురించి దానికి రెట్టింపు ఆలోచించండి. ఫ్రేమ్ ఎంత గట్టిగా ఉన్నా వల సరిగా లేకపోతే కోన్ల రోజుల వాదనే మళ్లీ మొదలవుతుంది. బంతి లోపలికి వెళ్లి అక్కడే ఆగిపోతే ఎవరూ నోరెత్తరు. వలకు తగిలి బయటికి ఎగిరొచ్చినా, కన్నులోంచి దూరిపోయినా, కింద సందులోంచి జారిపోయినా ఇద్దరూ నిజాయితీగానే రెండు రకాలుగా చెబుతారు. ఆ క్షణాన్ని చూసింది ఇద్దరూ రెండు వైపుల నుంచి.

కొలత దగ్గర మొదలుపెడదాం. హార్డ్‌కోర్టులో అందరూ వాడేది లోపలి వెడల్పు 6 అడుగులు, లోపలి ఎత్తు 3 అడుగులు, అంటే 1830 మి.మీ., 915 మి.మీ. టోర్నమెంటుకు వెళ్లే ఉద్దేశం ఉంటే ఆ టోర్నమెంటు నిబంధనలు ఒకసారి చదివి చేయించండి, మిగతావాళ్లకు ఇది చాలు. ఈ అంకెలు సైకిలును బట్టి వచ్చినవి. 700సి (మామూలు పెద్ద సైజు) చక్రాల సైకిలు ముందు టైరు కొస నుంచి వెనక టైరు కొస దాకా సుమారు 165 నుంచి 170 సెం.మీ. ఉంటుంది. గోలీ (గోల్‌కీపర్) సైకిలును అడ్డంగా నిలిపితే రెండు వైపులా కలిపి ఏడు అంగుళాలకు మించి సందు ఉండదు. రెండు చక్రాల మధ్య, పెడళ్ల కింద కొంత ఖాళీ ఉంటుంది. కొట్టేవాడు వెతికేది ఆ సందులనే. చక్రం ఎత్తు 68 సెం.మీ. ప్రాంతం కాబట్టి దాని మీద నుంచి క్రాస్‌బార్ (గోల్ పై అడ్డ కడ్డీ) దాకా ఇంకో జానెడు మిగులుతుంది. గోల్‌ను 4 అడుగుల ఎత్తు చేశారనుకోండి, ఆ పై భాగంలోకి కొట్టాలన్న ఆశతో అందరూ బంతిని లేపడం మొదలుపెడతారు, లేచిన బంతి గోలీ ముఖం దాకా వస్తుంది. ఎత్తు విషయంలో అందుకే రాజీ వద్దు. వెడల్పు ఒక అంగుళం అటూ ఇటూ అయినా ఆట చెడదు.

ఇంకో మాట. మన దేశంలో సైకిల్ పోలో అంటే చాలామందికి గుర్తొచ్చేది పచ్చిక మీద ఆడే ఆట. 1891లో ఐర్లండ్‌లో రిచర్డ్ మెక్రెడీ మొదలుపెట్టింది, 1908 లండన్ ఒలింపిక్స్‌లో ప్రదర్శనగా ఆడింది, మన దగ్గర జాతీయ పోటీలు జరిగేది అదే. మీరు ఆడుతున్నది 1990ల చివర సియాటిల్‌లో సైకిల్ కొరియర్ల మధ్య పుట్టిన ముగ్గురు–ముగ్గురి ఆట. పచ్చిక ఆట మైదానం చాలా పెద్దది. ఎవరైనా సైకిల్ పోలో సంఘం వాళ్ల కొలతలు ఇస్తే మంచి మనసుతోనే ఇస్తారు గానీ అవి మీ కోర్టుకు పనికిరావు.

రెడీమేడ్ సంగతి. ఫుట్‌సాల్, హ్యాండ్‌బాల్ గోల్ 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. దాన్ని తలుచుకోవద్దు. పిల్లల మడత ఫుట్‌బాల్ గోల్స్‌లో కొన్ని వెడల్పు దగ్గరగా ఉన్నా వల కన్ను పెద్దది. ఈ ఆటలో వాడే స్ట్రీట్ హాకీ బంతి వ్యాసం 65 మి.మీ. ప్రాంతం, ఫుట్‌బాల్ వలలోంచి అది ఆగకుండా బయటికి పోతుంది. పనికొచ్చేది ఒక్కటే, స్ట్రీట్ హాకీ గోల్. అది 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు ఉంటుంది. పోస్టుల్లో ఒక్కో అడుగు కోసి మళ్లీ వెల్డింగ్ చేయిస్తే మీ కొలత వచ్చేస్తుంది, వల కూడా సరైనదే దొరుకుతుంది. కానీ చవక రకాల్లో పైపు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. హాకీలో గోల్‌కు తగిలేది బంతి, మహా అయితే మనిషి. ఇక్కడ తగిలేది సైకిలుతో సహా మనిషి. సన్న పైపు మొదటి నెలలోనే సొట్టలు పడి వంగుతుంది. కొని, కోయించి, బలపరిచే ఖర్చుకు కొత్తది చేయించుకోవడమే మేలు.

ప్లాస్టిక్ పైపు గురించి. వారానికి ఒకసారి, ఏ మేడమీదో చిన్నచోటో ఆడుకునేవాళ్లకు తప్పు లేదు. షెడ్యూల్ 40 (గోడ మందం రకం), 1.5 అంగుళాల యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) పైపు తీసుకోండి. ఒక గోల్‌కు 3 మీటర్ల ముక్కలు మూడు, 90 డిగ్రీల ఎల్బోలు ఆరు: క్రాస్‌బార్ మూలలకు రెండు, పోస్టుల అడుగున రెండు, వెనక మూలలకు రెండు. మూడు దారుల కార్నర్ ఫిట్టింగ్ కోసం ప్లంబింగ్ షాపులన్నీ తిరగకండి, మామూలుగా దొరకదు. పైన వెనక్కి వెళ్లే పైపు పెట్టకుండా వలను క్రాస్‌బార్ నుంచి వెనక కడ్డీకి ఏటవాలుగా దించితే ఆరు ఎల్బోలతోనే పని అయిపోతుంది. వెనక అడుగు పైపులో పొడి ఇసుక నింపితే సుమారు 4 కిలోల బరువు వస్తుంది. ముందు పైపుల్లో మాత్రం ఇసుక పోయకండి, గోల్ ముందుకు పడుతుంది. దీని జబ్బు రెండు చోట్ల ఉంది. పోస్టు అడుగు ఎల్బో దగ్గర ఫ్రేమ్ ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉంటుంది. ఎండకు పైపు క్రమంగా పెళుసుబారి, ఒకరోజు దెబ్బకు పగులుతుంది. పగిలిన పీవీసీ అంచు కత్తిలా ఉంటుంది, పడిన మనిషి మోచేయి దాని మీదే పడొచ్చు. పదిమంది వారానికి రెండు మూడు సార్లు ఆడే జట్టుకు నేను దీన్ని సిఫారసు చేయను.

ఇక ఇనుము. 38 మి.మీ. బయటి వ్యాసం, 2 మి.మీ. మందం ఉన్న గుండ్రటి ఎమ్మెస్ పైపు, షాపు భాషలో ఒకటిన్నర అంగుళం 14 గేజ్. వెల్డింగ్ షాపులో "స్క్వేర్ పైపు అయితే నీటుగా వస్తుంది సార్" అంటారు. కోసి అతకడం వాళ్లకు సులువు, నిజమే. మీరు ఒప్పుకోవద్దు. చదరపు పైపు అంచుకు ముణుకు తగిలితే చర్మం చీలుతుంది. గుండ్రటి పోస్టుకు తగిలిన బంతి తగిలిన చోటును బట్టి లోపలికో బయటికో మళ్లుతుంది, ఆటలో ఆ మాత్రం అందం ఉండాలి.

గేజ్ (పైపు గోడ మందం) దగ్గర మోసపోకుండా ఒక చిన్న లెక్క. ఈ పైపు మీటరుకు సుమారు 1.78 కిలోలు తూగాలి, అంటే 6 మీటర్ల పైపు 10.7 కిలోలు. కాటా మీద 8.6 దగ్గర ఆగిందంటే అది 16 గేజ్, మందం 1.6 మాత్రమే. ఎలాగూ కిలోల లెక్కనే అమ్ముతారు కాబట్టి తూకం వేయమని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

ఒక్కో గోల్‌కు ముక్కలు ఇవి. పోస్టులు 915 మి.మీ. రెండు. క్రాస్‌బార్ 1906 ఒకటి. లోపలి 1830కి రెండు పోస్టుల మందం కలిపితే వచ్చే అంకె అది. నేల మీద పక్క కడ్డీలు 900 రెండు. నేల మీద వెనక కడ్డీ 1906 ఒకటి. పైన క్రాస్‌బార్ మూలల నుంచి వెనక్కి వెళ్లేవి 450 రెండు. అక్కడి నుంచి నేల మీది వెనక మూలకు ఏటవాలుగా దిగేవి 1020 రెండు. మొత్తం 10.4 మీటర్లు, బరువు పద్దెనిమిదిన్నర కిలోలు. కోతలు ఇలా వేయించండి: ఒక 6 మీటర్ల పైపులో రెండు 1906లు, రెండు 915లు, రెండో పైపులో మిగతా ఆరూ. రెండో పైపులో 1.2 మీటర్ల పైన ముక్క మిగులుతుంది, దాన్ని పారేయనివ్వకండి. పోస్టుకూ పక్క కడ్డీకీ మధ్య మూలలో ఏటవాలుగా 300 మి.మీ. బలపు ముక్కలు రెండు అందులోంచే వస్తాయి. ఆ బలపు ముక్కలు పక్క ఫ్రేమ్‌లోనే ఉండాలి, గోల్ ముఖంలోకి రాకూడదు. జత గోల్స్‌కు నాలుగు పైపులు, దాదాపు 43 కిలోల ఇనుము.

గోల్ గీత మీద, అంటే రెండు పోస్టుల అడుగుల మధ్య, ఏమీ పెట్టకండి. "అక్కడ ఒక పట్టీ వేస్తే గట్టిగా ఉంటుంది" అన్న సలహా తప్పకుండా వస్తుంది. పట్టీ మీద గోలీ టైరు జారుతుంది, దొర్లుకుంటూ వచ్చే బంతి దానికి తగిలి ఎగురుతుంది. గట్టితనం వెనక కడ్డీ నుంచి, పక్క ఫ్రేమ్‌ల నుంచి రావాలి. వెనక నేల మూలల్లో 100 మి.మీ. భుజాల త్రికోణపు ప్లేటు, 5 మి.మీ. మందంది, ఒక్కోటి వేయించండి. సరిపోతుంది.

పోస్టు పైకొసను క్రాస్‌బార్ గుండ్రానికి సరిపోయేలా గ్రైండర్‌తో అర్ధచంద్రంగా కోయాలి. 915 కొలతను ఆ గుంట అడుగు నుంచి నేల దాకా తీయాలి, కొమ్ముల కొస నుంచి కాదు. ఇది చెప్పకపోతే ఎత్తు ఒక సెంటీమీటరు పైగా తగ్గిపోతుంది. 2 మి.మీ. పైపుకు 2.5 మి.మీ. వెల్డింగ్ రాడ్ వాడమనండి. 3.15 రాడ్‌తో వేస్తే పైపుకు చిల్లు పడి, దాన్ని పూడ్చడానికి మళ్లీ మెటల్ పోసి, చివరికి గడ్డకట్టినట్టు వస్తుంది. ముందు అన్ని చోట్లా టాకాలు (చుక్క వెల్డింగులు) మాత్రమే వేయించి, ముందు ముఖం లోపలి మూల నుంచి మూలకు టేపు పట్టండి. రెండు కర్ణాలూ 2046 మి.మీ. రావాలి. 3 మి.మీ. తేడా ఉంటే ఫర్వాలేదు, 10 ఉంటే టాకా విరగ్గొట్టి సరిచేయండి. పూర్తి వెల్డింగ్ ఒకే మూలలో ఆగకుండా చేస్తే వేడికి ఫ్రేమ్ లాగేస్తుంది. ఎదురెదురు మూలలు మార్చుకుంటూ వేయాలి.

జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు తుప్పు పట్టదు కదా అని కొందరు దాన్నే తెస్తారు. వెల్డింగ్ వేడికి జింకు పూత పొగై లేస్తుంది, ఆ పొగ పీల్చినవాళ్లకు ఆ రాత్రి జ్వరం, వణుకు వస్తాయి. జీఐ ఇప్పటికే కొనేసి ఉంటే అతికే చోట్ల పూతను రెండు అంగుళాల మేర గ్రైండ్ చేసి, ఆరుబయట వెల్డింగ్ చేయించండి. లేదంటే పూత లేని నల్ల పైపుకు ఒక కోటు రెడ్ ఆక్సైడ్, రెండు కోట్లు ఎనామిల్ చాలు. పైపు కొసలన్నీ మూయించండి. నేల కడ్డీల అడుగున మాత్రం 5 మి.మీ. రంధ్రం ఒకటి ఉంచండి, లోపల చేరిన తడి బయటికి పోవాలి. ముందు ఫ్రేమ్‌కు ముదురు నారింజో ఎరుపో వేయండి. రాత్రి లైట్ల కింద తెల్ల పోస్టు తెల్ల వలలో కలిసిపోతుంది.

విప్పుకునే పద్ధతి. పక్క ఫ్రేమ్‌లు రెండూ విడివిడిగా పూర్తిగా వెల్డింగ్ చేసి, క్రాస్‌బార్‌నూ వెనక కడ్డీనీ మాత్రం విప్పుకునేలా ఉంచాలి. విప్పితే మూడడుగుల పలకలు రెండు, ఐదున్నర అడుగుల కడ్డీలు రెండు మిగులుతాయి. క్రాస్‌బార్‌ను ఇరువైపులా పోస్టు నుంచి 150 మి.మీ. దగ్గర కోయాలి. ఆ 150 ముక్కలు పక్క ఫ్రేమ్‌కే అతికి ఉంటాయి. లోపల దూరే ముక్కకు ఒక అంగుళం జీఐ పైపు సరిగ్గా సరిపోతుంది. దాని బయటి వ్యాసం 33.7, మీ పైపు లోపలి వ్యాసం 34. అయితే పైపు లోపల పొడుగునా వెల్డింగ్ గీత ఉబ్బి ఉంటుంది, అది అడ్డుపడుతుంది. గుండ్రటి ఆకురాయితో కొస నుంచి 100 మి.మీ. లోపలి దాకా అరగదీయండి, లేదా జీఐ ముక్కకు ఆ గీత పట్టేంత గాడి కోయించండి. షాపుకు మీ పైపు ముక్క ఒకటి పట్టుకెళ్లి, అక్కడే దూర్చి చూసి కొనడం మంచిది.

దూరే ముక్క 200 మి.మీ. పొడవు. సగం నడిమి కడ్డీ లోపల శాశ్వతంగా వెల్డింగ్, సగం బయటికి. పక్క ఫ్రేమ్ వైపు ఉంచకుండా నడిమి కడ్డీకే ఎందుకంటే, బండిలోకి విసిరేటప్పుడు వంగేది బయటికి పొడుచుకొచ్చిన కొసే. వంగితే ఆ ఒక్క కడ్డీ మారిస్తే పోతుంది, ఫ్రేమ్ జోలికి వెళ్లనక్కర్లేదు. ఒక్కో అతుకుకు ఎం8 (8 మి.మీ.) బోల్టు ఒకటి, 55 మి.మీ. పొడవు, గుండ్రటి తల అల్లెన్ రకం (తలలో ఆరు పలకల గుంట ఉండేది), దానికి నైలాక్ (ఊరికే వదులుకాని) నట్టు. రంధ్రం నిలువుగా కాకుండా ఏటవాలుగా వేయించండి: తల ముందు పైవైపు, నట్టు వెనక కిందివైపు, అంటే వల లోపలికి. రెక్కల నట్టు చేత్తో విప్పడానికి సుఖమే గానీ, వలనూ బట్టలనూ వేళ్లనూ పట్టుకుంటుంది, ఆడుతుంటే వదులవుతుంది కూడా. గోల్ మొత్తం కూర్చిపెట్టి టాకాలు వేయించి, ఆ తర్వాతే రంధ్రాలు వేయాలి. అలా వేసిన అతుకు దాని జతకే సరిపోతుంది కాబట్టి విప్పేముందు సెంటర్ పంచ్‌తో ఒక చుక్క, రెండు చుక్కలు, మూడు చుక్కలు అని రెండు వైపులా గుర్తు కొట్టించుకోండి. రంగుతో రాస్తే రెండు నెలల్లో చెరిగిపోతుంది. బందులు పెట్టి మడత గోల్ చేద్దామన్న ఆలోచన వస్తే మానుకోండి. ప్రతి దెబ్బా బందు పిన్ను మీదే పడి నెలకే లొడలొడలాడుతుంది.

వల.

కన్ను భుజం 40 మి.మీ. దాటకూడదు. 50 ఉన్నా ఆగుతుందని లెక్క చెబుతుంది గానీ, గట్టిగా కొట్టిన బంతి దారాలను సాగదీసి దూరుతుంది, వల పాతబడితే ఇంకా సులువుగా దూరుతుంది. క్రికెట్ ప్రాక్టీస్ నెట్లు 45 నుంచి 50 మధ్య ఉంటాయి. కొత్తగా ఉన్నంతకాలం ఆగుతాయి, అంతే. కాకినాడ, విశాఖ వైపు వల తెప్పించుకునే వీలుంటే ఒక జాగ్రత్త. చేపల వల కన్నును సాగదీసి, ముడి నుంచి ఎదురు ముడి దాకా కొలుస్తారు. ఆటల వల కన్నును ఒక భుజం కొలుస్తారు. చేపల వలల కొట్టులో "40 కన్ను" అని అడిగితే మీకు వచ్చేది 20 మి.మీ. భుజం వల. అది బరువెక్కువ, గాలిని ఆపుతుంది. మీరు అడగాల్సింది 80. దారం అల్లిన హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్), 2.5 నుంచి 3 మి.మీ. ఉండాలి. సన్నటి ఒంటిపోగు నైలాన్ వల వద్దే వద్దు. బ్రేకు లివర్లకు చుట్టుకుంటుంది, వేలు చిక్కితే కోస్తుంది.

ముక్కలు మూడు. పైకప్పూ వెనకా కలిపి ఒకటే: ఫ్రేమ్ కొలత 1906 వెడల్పు, 1470 పొడవు, మీరు కోయాల్సింది 2.2 మీటర్లు, 1.7 మీటర్లు. పక్కలకు 1.1 మీటర్లు, 1.05 మీటర్లు చొప్పున రెండు. ఈ అదనం వదులు కోసం. బిగుతుగా లాగి కట్టిన వల చూడ్డానికి బాగుంటుంది గానీ డోలు చర్మంలా పనిచేస్తుంది: బంతి తగిలిన వేగంతోనే బయటికి వస్తుంది. వెనక వలను అరచేత్తో తోస్తే జానెడు లోతుకు వెళ్లాలి.

వల కట్టడం కోసం ఫ్రేమ్ మీద కొక్కేలు వెల్డింగ్ చేయించకండి. వేళ్లు, స్పోకులు తగులుకుంటాయి. పోస్టులకూ క్రాస్‌బార్‌కూ వెనక వైపున, నేల కడ్డీలకు లోపలి వైపున 6 మి.మీ. రాడ్డును పైపుకు వేలెడు సందు ఉండేలా, అడుగుకొక చోట అతికించండి. జత గోల్స్‌కు 15 మీటర్ల రాడ్డు పడుతుంది, మూడున్నర కిలోల లోపే. 4 మి.మీ. తాడుతో వల అంచు కన్నునూ రాడ్డునూ కలిపి చుట్టుకుంటూ పోండి. ఒక గోల్‌కు 25 మీటర్ల తాడు ఉంచుకోండి. అలా చేస్తే తాడు పైపు వెనక దాక్కుంటుంది, బంతీ మేలెట్టూ దాన్ని తాకవు. తాడును పైపు చుట్టూనే చుడితే ముందు వైపు ప్రతి దెబ్బా తాడు మీదే పడుతుంది, నేల కడ్డీ చుట్టూ చుడితే కాంక్రీటు రాపిడికి వారాల్లో తెగుతుంది. ఏటవాలు కడ్డీల దగ్గర ఆ బాధ లేదు, నేరుగా చుట్టేయొచ్చు. జిప్ ట్యాగులు తాత్కాలికానికి మాత్రమే. ఎండకు విరుగుతాయి, కోసిన తోక చేతిని గీరుతుంది.

నేల దగ్గర ప్రతి కన్నునూ కట్టాలి. పైన రెండు కన్నులకొకసారి కట్టినా నడుస్తుంది. కింద ఒక్క కన్ను వదిలేస్తే వల లేచి బంతి వెనక్కి జారిపోతుంది. పక్క వలకు చిల్లు పడితే అంతకంటే చేటు. బయట నుంచి కొట్టిన బంతి లోపల తేలుతుంది, అది గోల్ అని ఆ క్షణంలో అందరూ నమ్ముతారు.

పైన వెనక రెండు మూలల మధ్య నేను పైపు చెప్పలేదు, గమనించారా. అక్కడ 6 మి.మీ. తాడు కట్టండి. ఆ తాడుకు లోపల నుంచి ఇంకో వల ముక్కను, 1.8 మీటర్ల వెడల్పుది, తెరలా వేలాడదీయండి. అడుగు నేలకు నాలుగు వేళ్ల పైన ఆగాలి, కింద ఏమీ కట్టకూడదు. బంతి దాన్ని తోసుకుని వెనక వలకు తగిలి, తిరిగి వచ్చేటప్పుడు ఈ తెరకు తగిలి ఊపు పోగొట్టుకుని రెండింటి మధ్య పడిపోతుంది. మొత్తం గోల్‌లో చవకైన భాగం ఇదే, తగువులు తీర్చేది కూడా ఇదే.

అయ్యాక పరీక్ష పెట్టండి. ఐదు మీటర్ల నుంచి గట్టిగా ఇరవై బంతులు: నాలుగు మూలలకూ, నడుమకూ, నేల బారుగానూ. ఒక్కటి బయటికి వచ్చినా వల ఇంకా వదులు చేయండి. మేలెట్ తల కన్నులో దూరుతుందేమో చూడండి. హ్యాండిల్ కొసలకు ప్లగ్గులు ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోండి. మూత లేని హ్యాండిల్ కొస వలను చింపుతుంది, మనిషిని అంతకంటే ఘోరంగా గాయపరుస్తుంది.

గోల్‌ను నేలకు బిగించకండి. సైకిలు వచ్చి గుద్దితే అది కదలాలి, కదలకపోతే ఆ దెబ్బ మోకాలిదే. ఇనుము నున్నటి కాంక్రీటు మీద ఊరికే జారుతుంది, కోర్టును గీస్తుంది కూడా. కోర్టు యజమాని మొదట గొడవపెట్టేది ఆ గీతల గురించే. పాత సైకిలు టైరును కోసి నేల కడ్డీల అడుగున ఐదారు చోట్ల చుట్టి కట్టండి, రెండు సమస్యలూ తీరుతాయి. పోస్టుల అడుగున కూడా ఒక్కో ముక్క వేయండి, లేకపోతే ముఖం ముందుకు వాలుతుంది. ఆరుబయట అయితే వెనక కడ్డీ మీద 10 కిలోల ఇసుక మూట ఒకటి చాలు. ఆట లేనప్పుడు గోల్‌ను గోడకు ఆనించి గొలుసు వేయండి. పిల్లలు క్రాస్‌బార్ పట్టుకుని వేలాడతారు, ముందుకు బోర్లాపడిన కదిలే ఫుట్‌బాల్ గోల్స్ కింద పిల్లలు చనిపోయిన ఘటనలు ఎన్నో ఉన్నాయి. మీది చిన్నదే అయినా పద్దెనిమిది కిలోల ఇనుము.

మీ ఫుట్‌సాల్ కోర్టు 40 మీటర్లకు 20 ఉంటే అదృష్టమే, ఈ ఆటకు దాదాపు సరైన చోటు. బాస్కెట్‌బాల్ కోర్టు 28కి 15, ఆరుగురు సైకిళ్ల మీద అక్కడ ఇరుక్కుంటారు. గోల్‌ను వెనక గోడకు ఆనించకుండా గోల్ గీత నుంచి గోడకు కనీసం 3.5 మీటర్లు వదలండి. గోల్ లోతు పోగా సైకిలు తిరగడానికి రెండున్నర మీటర్లు మిగులుతుంది. గోల్ వెనక నుంచి తిరిగి రావడం ఈ ఆటలో సగం ఎత్తుగడ, ఆ దారి మూస్తే ఆట చప్పబడుతుంది. గోల్ పెట్టిన చోట నాలుగు మూలలకూ నేల మీద రంగుతో ఎల్ ఆకారపు గుర్తులు వేయండి. గుద్దుకుని కదిలిన ప్రతిసారీ ఎవరైనా కాలితో తోసి సరిచేస్తారు, గుర్తు లేకపోతే రెండో అర్ధభాగానికి గోల్ అరమీటరు పక్కకు వెళ్లి ఉంటుంది.

మోసేటప్పుడు ఇద్దరు చెరో పక్క ఫ్రేమ్ పట్టుకుని ఎత్తాలి. ఒక్కరే క్రాస్‌బార్ పట్టుకుని ఈడ్చే అలవాటు మొదలైతే పోస్టుకూ నేల కడ్డీకీ మధ్య వెల్డింగ్ పగులుతుంది. నెలకోసారి చూడాల్సింది మొదట ఆ మూలనే. రంగు మీద వెంట్రుక మందం గీత, దాని వెంట తుప్పు చార కనిపిస్తే పగులు మొదలైందన్నమాట. ఆ దశలో గ్రైండ్ చేసి మళ్లీ వెల్డింగ్ వేస్తే పదిహేను నిమిషాల పని. వలకు తెగిన కన్ను కనబడితే ఆ రోజే అదే రకం దారంతో ముడేసి, ముడి కొసను అగ్గిపుల్లతో కరిగించండి. దీనికోసం వల కొనేటప్పుడే పదిహేను మీటర్ల దారం అదనంగా అడిగి తీసుకోండి. ఊరికే ఇచ్చినా ఇస్తారు.